విశ్వవిద్యాలయ గ్రాంటుతో ఒక ఇంటి తాళపత్రాల సంరక్షణ: ముందు సూచిక రాయాలా, ముందు స్కాన్ చేయాలా?

ప్రశ్న
అడిగినవారు: పెరంబూరు_పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. పెరంబూరులో నాలుగు తరాలుగా ఉంటున్న ఒక తెలుగు కుటుంబం దగ్గర ఉన్న వ్రాతప్రతులను, పాత కాగితాలను అధ్యయనం చేయడానికి మా గైడుగారి పేరిట విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుండి 6 లక్షల రూపాయల గ్రాంటు మంజూరు చేసింది. గడువు 12 నెలలు. అందులో రెండు నెలలు కొటేషన్లకూ సంతకాలకూ పోయాయి. మిగిలిన పది నెలలను ఎలా వాడుకోవాలో ఈ పనిలో అనుభవం ఉన్నవారిని అడగాలని రాస్తున్నాను.

ఇప్పుడు ఆ ఇంటికి పెద్దగా ఉన్నవారి తాతగారు నెల్లూరు వైపు నుండి మద్రాసు వచ్చి ఒక తెలుగు అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే పనిలో చేరారట. ఆయన తండ్రిగారు ఊళ్లో పురాణం చెప్పేవారు. అందువల్ల ఇంట్లో రెండు రకాల సామగ్రి చేరింది. అటక మీద ఎర్ర గుడ్డల్లో చుట్టిన 63 తాటాకు కట్టలు ఉన్నాయి. కింద రెండు ట్రంకు పెట్టెల్లో అచ్చుకూటం చిట్టా పుస్తకాలు, దిద్దుబాటు గుర్తులున్న ప్రూఫు కాగితాలు, రచయితలు రాసిన ఉత్తరాలు, 'భారతి' మాసపత్రిక పాత సంచికలు ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఇంట్లోకి మోకాలి లోతున నీరు చేరి ఒక పెట్టె పూర్తిగా తడిసింది. ఎండలో ఆరబెట్టడం తప్ప వారికి మరో దారి తోచలేదు. ప్రూఫు కాగితాలు ఇప్పుడు ఒకదానికొకటి అంటుకుని అట్టలా గట్టిపడి ఉన్నాయి. తాటాకు కట్టలు అటక మీద ఉన్నందువల్ల బతికాయి.

నేను విప్పి చూసిన మొదటి కట్ట సంగతి చెబుతాను. పై పలక తీయగానే దారం తెగిపోయి ఆకులు వరుస తప్పి ఉన్నాయి. కుడి అంచున రామబాణపు పురుగు తొలిచిన సన్నని దారులు ఆకు నుండి ఆకుకు ఒకే చోట కనిపిస్తున్నాయి. గాట్లలో రుద్దిన మసి రాలిపోయినందువల్ల అక్షరాలు నల్లగా లేవు, గంటం గీసిన గాట్లు మాత్రమే మిగిలాయి. ఆకును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే ఒక పద్యపాదం చదవగలిగాను, నిటారుగా పట్టుకుంటే ఏమీ కనిపించలేదు.

నా సందేహాలు మూడు. మా ముసాయిదా బడ్జెట్‌లో మూడున్నర లక్షలు ఒక స్కానింగ్ సంస్థకు కేటాయించారు. తాళపత్రాలు చదవగల పండితునికి ఒక్క రూపాయి కూడా లేదు. ముందు అన్నీ స్కాన్ చేసేస్తే తీరికగా చదువుకోవచ్చని విభాగంలో అంటున్నారు, ఇది సరైన క్రమమేనా? రెండవది, మూలప్రతులను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి తరలించాలని విభాగం కోరుకుంటోంది, కుటుంబం మాత్రం ఇల్లు దాటించడానికి ఇష్టపడటం లేదు. మూడవది, తడిసిన ఆ పెట్టెను ఏం చేయాలి?

జవాబు 1
రాసినవారు: గంటం

అమ్మా, మీ ప్రశ్న చదివిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను. నేను ముప్పై ఏళ్లు వ్రాతప్రతులకు సూచికలు (కేటలాగులు) రాసే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. మీ బడ్జెట్‌లో పండితుని పద్దు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోపం. కెమెరాను తగ్గించుకోండి, చదివే మనిషిని పెట్టుకోండి.

మన ఊళ్లోనే, 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం చరిత్ర చూడండి. అది ఇప్పుడు కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. దానికి పునాది వేసిన సేకరణల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీది ఒకటి, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది ఒకటి. మెకంజీకి మన భాషలు రావు. ఏలూరు వైపు నుండి వచ్చిన కావలి సోదరులు, ముఖ్యంగా బొర్రయ్య, లక్ష్మయ్య, ఊరూరా తిరిగి కరణాల దగ్గర కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చదివి, కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) రాయించి పంపినందువల్లనే ఆ సేకరణకు ఒక అర్థం ఏర్పడింది. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో చనిపోయారు. 1821లో మెకంజీ మరణించాక ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, అంతటి పని నడిపే శక్తి దేశీయునికి ఉండదన్న అభిప్రాయంతో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వైపు నుండి నిరాకరణ ఎదురైంది. కాగితాలన్నీ ఉన్నాయి, వాటిని ఎక్కడ ఎవరి నోట విని రాశారో తెలిసిన మనిషిని పక్కన పెట్టారు. ఆ తరువాత ఆ సేకరణలో ఏముందో తెలుసుకోవడానికి ఎంతమంది ఎన్ని సూచికలు మళ్లీ మళ్లీ రాయవలసి వచ్చిందో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు.

బ్రౌన్ పద్ధతి వేరు. ఆయన కడపలో జూలూరి అప్పయ్య మొదలైన పండితులకు తన జీతం నుండి డబ్బిచ్చి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, కాగితం మీద శుద్ధ ప్రతులు రాయించారు. అందుకోసం అప్పుల పాలయ్యారు కూడా. 1830ల చివర లండన్‌లో ఉన్నప్పుడు ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణ భారత వ్రాతప్రతులను గుర్తించి మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేశారు. అక్కడ అవి ఎవరికీ పనికిరాకుండా ఉన్నది చదివేవారు లేకనే.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. నన్నెచోడుని కుమారసంభవం తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తరాల తరబడి ఉంది. మానవల్లి రామకృష్ణకవి గారు దాన్ని చదివి, గుర్తించి, 1909లో అచ్చు వేసేదాకా మన సాహిత్య చరిత్రలో ఆ కవికి చోటు లేదు. అలమరలో ఉండటం వేరు, ఉన్నట్టు తెలియడం వేరు. ఆ కట్ట మీద సరైన కన్ను పడింది కాబట్టి నన్నెచోడుడు మనకు దక్కాడు.

ఇక మీరు చేయవలసిన సూచిక గురించి. ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం వారి పాత వివరణ సూచికలు తెరిచి చూడండి. ప్రతి గ్రంథానికీ పదార్థం తాటాకా కాగితమా, కొలత ఎంత, పుటలు ఎన్ని, పుటకు పంక్తులు ఎన్ని, లిపి ఏది, స్థితి ఎలా ఉంది అని రాసి, ఆ తరువాత ఆది, అంతం, గద్య (కవి పేరు, గ్రంథం పేరు చెప్పే ముగింపు వాక్యం) ఎత్తి రాస్తారు. ఇందులో లిపి అన్న గడిని తేలికగా తీసుకోకండి. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన గ్రంథం తెలుగు కాదు, ఎన్నో కట్టల్లో సంస్కృతమే ఉంటుంది. ఈ మద్రాసు ప్రాంతంలో తెలుగు కీర్తనలు తమిళ లిపిలోనో, తమిళ దేశంలో సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపిలోనో రాసుకున్న ప్రతులూ దొరుకుతాయి. ఒకే కట్టలో నాలుగు గ్రంథాలు ఉండవచ్చు. భారత పర్వం మధ్యలో వైద్యపు ఆకులు పది కలిసిపోయి ఉండవచ్చు. దారం తెగి వరుస తప్పిన కట్టను అలాగే స్కాన్ చేస్తే, ఆ తప్పు వరుసే రేపటి నుండి శాశ్వత వరుస అవుతుంది. ఆకుల అంకెలు చూసి, పద్యం ఎక్కడ తెగి ఎక్కడ కలుస్తోందో చూసి సర్దగలిగేది చదువరి ఒక్కడే.

చదువరి అన్నానని అందరు తెలుగు ఎం.ఏ.లూ పనికివస్తారని అనుకోవద్దు. పదాల మధ్య ఖాళీ ఉండదు, పద్యానికీ పద్యానికీ మధ్య వరుస మారదు, వలపలగిలక అనే గుర్తు, ముందు పలికే రేఫను (ర్) హల్లు తరువాత చూపిస్తుంది. ఈ రాతకు కన్ను అలవాటు పడటానికి కనీసం మూడు నెలలు పడుతుంది. మీరే రోజూ రెండు గంటలు ఒక పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకోండి. గ్రాంటు ముగిశాక మీ దగ్గర మిగిలే అసలైన ఆస్తి ఆ నేర్పు.

జవాబు 2
రాసినవారు: కెమెరా_స్టాండు

గంటం గారికి నమస్కారం. మీరు చెప్పిన దానిలో చాలా భాగం నేను ఒప్పుకుంటాను, కానీ ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. పెరంబూరులో 2023లో నీరు వచ్చింది. 2015లోనూ ఈ నగరం మునిగింది. 63 కట్టలకు పూర్తి వివరణ సూచిక రాయాలంటే పది నెలలు చాలకపోవచ్చు. అంతవరకూ ఒక్క ఫోటో కూడా లేకుండా ఉంచడం నాకు భయంగా ఉంది. అందుకే మధ్యే మార్గం సూచిస్తున్నాను. మొదటి నెలలో ప్రతి కట్టకూ ఒక తాత్కాలిక సంఖ్య ఇచ్చి, పలకతో, గుడ్డతో, మొదటి ఆకుతో, చివరి ఆకుతో నాలుగు ఫోటోలు తీసి ఒక పట్టిక తయారు చేయండి. పండితుడు ఆ పట్టిక చూసి ఏది ముందు చదవాలో నిర్ణయిస్తారు. చదివి సర్ది దారం కట్టిన కట్టే పూర్తి ఛాయాచిత్రీకరణకు వస్తుంది. అంటే రెండు పనులూ పక్కపక్కనే నడుస్తాయి, సర్దుబాటు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు ముందుంటుంది.

సూచిక లేని స్కానింగ్ ఎలాంటి అవస్థ తెచ్చిపెడుతుందో తెలుగు పాఠకులందరికీ అనుభవమే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి మన గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి, పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టే మిలియన్ బుక్ ప్రాజెక్టు నడిపారు. భారతదేశంలో బెంగళూరులోని విజ్ఞాన శాస్త్ర సంస్థ ఐఐఎస్‌సీ దానికి ముఖ్య భాగస్వామి. అది లేకపోతే వేల తెలుగు పుస్తకాలు ఈనాడు మన తెర మీదకు వచ్చేవి కావు, ఆ రుణం ఎప్పటికీ తీరదు. కానీ పుస్తకం పేరు రోమన్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టినందువల్ల, ఒకే పుస్తకం నాలుగు పేర్లతో ఉంటుంది, కావలసినది దొరకదు. ఆ స్కాన్లు ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు తరువాత కనుమరుగైనా ఆ ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మన వాళ్లు కొందరు ఇప్పటికీ ఒక్కొక్క పేరూ తెలుగులో సరిదిద్దుతూ కూర్చుంటున్నారు. ఆనాడు స్కానింగ్ గదిలో తెలుగు చదవగల ఒక్క మనిషిని అదనంగా కూర్చోబెట్టి ఉంటే ఈ శ్రమ సగానికి సగం తగ్గేది.

తాటాకును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెట్టనివ్వకండి. గాజు మూత ఒత్తిడికి పెళుసు ఆకు నిలువునా చీలుతుంది. స్టాండుకు బిగించిన కెమెరా, ఇరువైపులా వేడి పుట్టించని ఎల్‌ఈడీ దీపాలు, పక్కన ఒక కొలబద్ద, ఒక రంగుల కార్డు చాలు. మీరు కిటికీ దగ్గర చేసినదే అసలైన కిటుకు. మసి పోయిన ఆకుకు ఒక దీపం ఆర్పి, రెండవ దాన్ని బాగా కిందికి దించి పక్క నుండి వెలుగు పడేలా చూస్తే, గాట్లలో నీడ చేరి అక్షరం లేచి నిలుస్తుంది. చాలా సందర్భాల్లో మళ్లీ మసి రుద్దకుండానే చదవవచ్చు. మూల ఫైళ్లను టిఫ్‌గా ఉంచండి, చూడటానికి చిన్న జేపెగ్‌లు వేరుగా చేయండి. మూడు ప్రతులు మూడు చోట్ల ఉండాలి. ఒకటి విశ్వవిద్యాలయంలో, ఒకటి కుటుంబం దగ్గర, ఒకటి చెన్నై దాటి వేరే ఊళ్లో. స్కానింగ్ సంస్థతో ఒప్పందం కుదిరితే, ఆకు సంఖ్యే ఫైలు పేరులో ఉండాలన్న షరతు రాయించండి. లేకపోతే కెమెరా ఇచ్చిన అంకెలతో పదివేల ఫైళ్లు మీ చేతికి ఇచ్చి వెళ్లిపోతారు. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా అదే జరిగింది.

తడిసిన పెట్టె సంగతి: అట్టలా మారిన కాగితాలను మీరుగా విడదీయవద్దు, మళ్లీ ఎండలో పెట్టవద్దు. బూజు ఉంటే మాస్కు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. పాత కాగితాలను బాగుచేయడంలో శిక్షణ పొందిన కన్సర్వేటర్‌కు చూపించి, విడదీయగలిగిన వాటినే పలుచని టిష్యూ కాగితంతో బలపరచమనండి. దీనికి 60 వేలైనా పక్కన పెట్టండి.

జవాబు 3
రాసినవారు: గ్రాంటు_పద్దులు

నేను ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కార్యాలయంలో పద్దులు చూస్తాను. డబ్బు, కాగితాల సంగతి మాత్రం రాస్తాను.

కెమెరా కొనుగోలు నాన్-రికరింగ్ (ఒక్కసారి పెట్టే ఖర్చు) పద్దు, పండితుని గౌరవ వేతనం రికరింగ్ (మళ్లీ మళ్లీ పెట్టే ఖర్చు) పద్దు. ఒక దాని నుండి మరొక దానికి డబ్బు మార్చాలంటే చాలాచోట్ల ముందస్తు అనుమతి కావాలి. అది ఇప్పుడే, ఖర్చు మొదలు కాకముందే అడగండి. చివరి త్రైమాసికంలో అడిగితే దొరకదు, మిగిలిన సొమ్ము వెనక్కి పోతుంది. పండితునికి డిగ్రీ లేకపోతే ప్రాజెక్ట్ అసిస్టెంటుగా తీసుకోవడం కుదరదు. నిపుణుని సంప్రదింపు రుసుము అన్న పద్దు కింద రోజుకు ఇంత అని ఇవ్వవచ్చు. నివేదికలోనూ, సూచిక ముఖపత్రం మీదా ఆయన పేరు ఉండాలని నా కోరిక. లక్ష్మయ్య గురించి గంటం గారు రాసినది చదివాక ఇది మరీ గట్టిగా చెప్పాలనిపించింది.

మూలప్రతుల తరలింపుకు కుటుంబం ఇష్టపడకపోతే బలవంతపెట్టవలసిన అవసరం లేదు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుండి ఆర్కేడియా అనే దాతృత్వ సంస్థ నిధులతో నడుపుతున్న, ప్రమాదంలో ఉన్న పాత సేకరణలకు డిజిటల్ ప్రతులు తీయించే ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ నిబంధన చూడండి. మూలప్రతులు అవి ఉన్న దేశం దాటకూడదు, డిజిటల్ ప్రతి స్థానికంగా ఒక సంస్థలో ఉండాలి. మన ఊళ్లోనే రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. చెట్టినాడులోని కోట్టయ్యూరులో రోజా ముత్తయ్య అనే వ్యక్తి కూడబెట్టిన తమిళ పుస్తకాలను ఆయన మరణానంతరం చికాగో విశ్వవిద్యాలయం కొని, అమెరికాకు తీసుకుపోకుండా, 1994లో చెన్నైలోనే గ్రంథాలయంగా నిలబెట్టింది. విశ్వవిద్యాలయ ధనం ఒక ఇంటి సేకరణను దాని ఊరికే వదిలిపెట్టి కూడా కాపాడగలదనడానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

కుటుంబంతో ఒప్పందం రెండు భాషల్లో కాదు, ముందు తెలుగులో రాయండి. ఎవరి దగ్గర ఏది ఉంటుంది, ఏది ఇంటర్నెట్‌లో పెట్టవచ్చు, ఏది పరిశోధకులకు మాత్రమే చూపాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ గల వ్రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశాల నుండి ఎవరైనా కొంటామని వస్తే ఆ ఇంటివారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. ఉత్తరాల విషయంలో మరొక జాగ్రత్త. ఉత్తరం కాగితం అందుకున్నవారిదే అయినా, అందులోని రచన మీద హక్కు రాసినవారిదీ వారి వారసులదీ. సూచికలో తేదీ, పేరు, విషయం రాయవచ్చు. పూర్తి పాఠం బయట పెట్టే ముందు వారసుల అనుమతి తీసుకోండి.

జవాబు 4
రాసినవారు: రాయపురం_ఇల్లు

నేను పరిశోధకుడిని కాను. మా ఇంట్లోనూ ఇలాంటి కట్టలు ఉండేవి కనుక రాస్తున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక సంస్థ నుండి ఇద్దరు వచ్చి, మా నాన్నగారితో ఎంతో మర్యాదగా మాట్లాడి, పదకొండు కట్టలు తీసుకెళ్లారు. రసీదు ఇవ్వలేదు, నాన్నగారు అడగలేదు. ఆయన పోయాక నేను వెళ్లి అడిగితే అలాంటివి తమ దగ్గర లేవన్నారు. ఆ కట్టల్లో ఒకదాని చివర మా ముత్తాతగారు తన పేరూ ఊరి పేరూ రాసుకున్నారని నాన్నగారు చెప్పేవారు. ఆ ఒక్క ఆకు ఫోటో ఉన్నా మా పిల్లలకు చూపించేవాడిని.

అందుకని అమ్మా, మీరు మొదటి రోజే ఆ ఇంటివారికి, ఏ కట్టలో ఎన్ని ఆకులు ఉన్నాయో రాసి సంతకం చేసిన ఒక కాగితం ఇవ్వండి. ఇంకొకటి, వాళ్లు ఆ కట్టలను ఏటా సరస్వతీ పూజ నాడు కిందికి దించి పసుపు కుంకుమ పెడుతూ ఉంటే, అది మానుకోమని ఒక్కసారిగా చెప్పకండి. గుడ్డ మీద పెట్టమనండి, ఆకు మీద వద్దనండి. మా ఇంట్లో గుడ్డ మడతల్లో వస కొమ్ములు పెట్టేవారు. ఏటా దించి దులిపి విప్పి చూడటం వల్లనే అవి అన్నాళ్లు ఉన్నాయని నా నమ్మకం.

పెరంబూరు_పరిశోధకురాలు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి, చేసిన పని చెప్పగలిగే స్థితికి వచ్చాక రాయాలనుకున్నాను.

బడ్జెట్ మార్పుకు మా గైడుగారు ఒప్పుకున్నారు. స్కానింగ్ సంస్థకు ఇవ్వదలచిన మూడున్నర లక్షల్లో లక్షన్నరతో కెమెరా, స్టాండు, దీపాలు, హార్డ్ డిస్కులు కొని మేమే ఫోటోలు తీస్తాము. 60 వేలు కన్సర్వేటర్‌కు కేటాయించాము. మిగిలినది వ్రాతప్రతులు చదవగల ఒక విశ్రాంత అధ్యాపకునికి, వారానికి మూడు రోజుల చొప్పున. ఆయనకు 74 ఏళ్లు, చూపు కొంచెం మందగించింది. నేను ఆకు పట్టుకుని దీపం జరుపుతుంటే ఆయన భూతద్దంతో చదువుతారు, నేను రాసుకుంటాను. పెద్దాయనకు మెట్లు ఎక్కడం కష్టమని ఆ ఇంటివారు ముందు గది ఖాళీ చేసి ఇచ్చారు. మూలప్రతులు ఆ ఇంట్లోనే ఉంటాయి, అటక బదులు ఒక ఇనుప బీరువాలో, నేలకు మూడడుగుల ఎత్తున. బీరువా కొనడానికి గ్రాంటులో పద్దు లేదని తెలిసి వారే కొన్నారు.

రాయపురం_ఇల్లు గారూ, మీరు రాసినది ఆ కుటుంబానికి చదివి వినిపించాను. ఇంటి కోడలు విని కాసేపు మాట్లాడలేదు. మొదటి రోజు సంతకం చేసి ఇచ్చిన ఆకుల లెక్క కాగితాన్ని ఆవిడే దేవుడి గదిలో పటం వెనక దాచారు.

ఇప్పటికి తొమ్మిది కట్టలు సర్దాము. నేను మొదట విప్పిన కట్ట నిజానికి మూడు గ్రంథాలు: భాగవతం దశమ స్కంధంలో కొంత, ఒక జ్యోతిషం, పేరు ఇంకా తేలని ఒక యక్షగానం. యక్షగానం చివరి ఆకు జ్యోతిషం మధ్యలో దొరికింది. "యాదృశం పుస్తకం దృష్ట్వా" అని లేఖకులు రాసే మామూలు శ్లోకం తరువాత, "పరాభవ నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి గురువారం" నాటికి రాసి ముగించినట్టు ఉంది. ఆ తరువాత లేఖకుని పేరు ఉండవలసిన చోట పురుగు తొలిచింది, ఊరి పేరులో చివరి రెండు అక్షరాలు "పాడు" అని మాత్రం మిగిలాయి. గంటం గారూ, దీనికి ఇంగ్లీషు సంవత్సరం ఎలా నిర్ణయించాలి?

గంటం

పరాభవ 1846-47లో వచ్చింది, 1906-07లో వచ్చింది. 1786-87 కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీకు వారం కూడా దొరికింది కనుక అదృష్టవంతులు. ఈ మద్రాసులోనే పనిచేసిన ఎల్. డి. స్వామికన్ను పిళ్లై గారు ఇలాంటి అవసరానికే, మన తిథులను ఇంగ్లీషు తేదీలకు మార్చే పట్టికలు కట్టి ఇచ్చారు. ఆ మూడు సంవత్సరాల్లోనూ మార్గశిర శుద్ధ పంచమి ఏ వారం పడిందో లెక్కవేయండి. గురువారం ఒక్క సంవత్సరానికే కుదిరితే మీ పని అయిపోయినట్టే. రెండిటికి కుదిరితే తొందరపడి పాతదాన్ని ఎంచుకోకండి, ఎందుకంటే అచ్చు వచ్చిన తరువాత కూడా పల్లెల్లో తాటాకు మీద రాసుకునేవారు ఉన్నారు. అప్పుడు అదే చేతిరాత మిగతా కట్టల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. 'క' తలకట్టు, 'ర' గుడి ఎలా తిప్పాడో మీ అధ్యాపకులకు చూపండి.

"పాడు"తో ముగిసే ఊళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఉన్నాయి. ఆ ఇంటి పెద్దవారిని వాళ్ల ఇంటిపేరు ఏ ఊరి నుండి వచ్చిందో అడిగారా?